ఇంగ్లిష్‌లో కష్టం చెప్పుకోవాలంటే: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం నుంచీ, అటు మహారాష్ట్రలోని సిరొంచ, ధర్మాబాద్ వైపు నుంచీ వచ్చిన ఉత్తరాలు ఈసారి చాలావరకు ఒకే విషయం మీద ఉన్నాయి. మనకున్న ఇబ్బందిని ఇంగ్లిష్‌లో ఎలా చెప్పాలి, 'డిఫికల్టీ', 'ఫేస్' అనే మాటల్ని వాక్యంలో ఎక్కడ పెట్టాలి అని. మన సరిహద్దు ఊళ్ళలో పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బళ్ళో ఒడియానో మరాఠీనో చదువుతారు, ఉద్యోగం దగ్గరికొచ్చేసరికి ఇంగ్లిష్ అడుగుతారు. వాళ్ళకి పనికొస్తుందని ఈ సంచికలో ఆ ప్రశ్నలకే చోటిచ్చాం.

ప్రశ్న: 'ఐ యామ్ ఫేసింగ్ డిఫికల్టీ టు అండర్‌స్టాండ్ ఇంగ్లిష్' అని రాస్తే మా మాస్టారు 'టు అండర్‌స్టాండ్' కింద ఎర్రగీత గీశారు. 'డిఫికల్ట్ టు అండర్‌స్టాండ్' అని పుస్తకంలోనే ఉంది కదా. అక్కడ ఒప్పయింది ఇక్కడ తప్పెలా అవుతుంది?
— డిగ్రీ విద్యార్థి, గుణుపురం

జవాబు: మీ మాస్టారు గీసిన గీత సరైనదే. 'డిఫికల్ట్' విశేషణం. దాని వెనక క్రియ వస్తే 'టు' కావాలి. 'డిఫికల్టీ' నామవాచకం. దాని వెనక క్రియ వస్తే 'ఇంగ్' రూపంలో రావాలి. చివర ఒక్క 'వై' అక్షరం చేరగానే వెనకొచ్చే క్రియ రూపం మారిపోతుంది. రెండు వాక్యాలూ పక్కపక్కన పెట్టుకుని చూడండి:

'ఇట్ ఈజ్ డిఫికల్ట్ ఫర్ మీ టు అండర్‌స్టాండ్ ఇంగ్లిష్.'
'ఐ హ్యావ్ డిఫికల్టీ అండర్‌స్టాండింగ్ ఇంగ్లిష్.'

ఈ తప్పు ఇంతమంది ఎందుకు చేస్తారో తెలిస్తే మళ్ళీ చెయ్యరు. తెలుగులో కష్టం మన దగ్గరికొస్తుంది: 'నాకు కష్టంగా ఉంది', 'మా నాన్నకి ఇబ్బందయింది'. కష్టపడేది మనిషే అయినా వాక్యంలో ఆ మనిషికి 'కి' తగులుతుంది. ఒడియాలో 'మోతే కష్ట లాగుచి' అన్నా, మరాఠీలో 'మలా త్రాస్ హోతో' అన్నా ఇదే అమరిక. కాబట్టి బడి భాష ఏదైనా ఈ విషయంలో మనకు సాయం రాదు. ఇంగ్లిష్ వాక్యంలో మాత్రం కష్టపడే మనిషే కర్తగా ముందు నిలబడతాడు, కష్టం అతని చేతిలో ఉన్న వస్తువులా 'హ్యావ్' అనే క్రియతో వస్తుంది. ముందు మనిషి, తరవాత 'హ్యావ్' లేదా 'హ్యాజ్', తరవాత 'డిఫికల్టీ', చివర 'ఇంగ్' క్రియ. ఈ వరస చేతికి అలవాటయ్యేదాకా మీ ఇంటి సంగతులతోనే వాక్యాలు రాయండి:

'మై గ్రాండ్‌మదర్ హ్యాజ్ డిఫికల్టీ క్లైంబింగ్ ది స్టెప్స్.'
'మై బ్రదర్ హ్యాడ్ నో డిఫికల్టీ లెర్నింగ్ ఒడియా.'
'వుయ్ హ్యాడ్ గ్రేట్ డిఫికల్టీ ఫైండింగ్ ఎ బస్ టు రాయగడ.'

మధ్యలో 'ఇన్' పెట్టాలా వద్దా అని మరికొందరు అడిగారు. 'డిఫికల్టీ ఇన్ ఫైండింగ్', 'డిఫికల్టీ ఫైండింగ్' రెండూ ఒప్పే. 'ఇన్' ఉంటే కొంచెం పుస్తక భాషలా వినిపిస్తుంది, మాటల్లో ఎక్కువగా వదిలేస్తారు. ఈ అమరికలో 'ఇన్' బదులు 'టు', 'ఫర్', 'ఆఫ్' మాత్రం పెట్టకూడదు. వెనకొచ్చేది క్రియ కాక వట్టి వస్తువో విషయమో అయితే 'విత్' పెట్టండి: 'షి హ్యాజ్ డిఫికల్టీ విత్ ఫ్రాక్షన్స్.'

'ఆఫ్' వేరే చోట పనికొస్తుంది. కష్టమే కర్తయి, ముందు 'ది' తగిలించుకున్నప్పుడు: 'ది డిఫికల్టీ ఆఫ్ క్రాసింగ్ ది రివర్ ఇన్ ఆగస్ట్ ఈజ్ వెల్ నోన్.' ఇక్కడ 'హ్యావ్' లేదు, కష్టపడే మనిషీ లేడు. రెండు అమరికల్నీ కలిపేసి 'ఐ హ్యావ్ ది డిఫికల్టీ ఆఫ్ క్రాసింగ్' అని రాయకండి.

ఇంకొక్కటి. 'ఇంగ్' క్రియ వెనక రాబోతుంటే 'డిఫికల్టీ'ని ఏకవచనంలోనే ఉంచండి, ముందు 'ఎ' పెట్టకండి. 'ఎ లాట్ ఆఫ్ డిఫికల్టీ రీడింగ్' అనాలి. 'ఎ లాట్ ఆఫ్ డిఫికల్టీస్ రీడింగ్' అనీ, 'ఎ డిఫికల్టీ రీడింగ్' అనీ అనరు. కొలత చెప్పాలంటే సమ్, లిటిల్, గ్రేట్, కన్సిడరబుల్, నో ఈ చోట బాగా నప్పుతాయి. 'డిఫికల్టీస్' అని బహువచనం వచ్చేది ఫలానా ఇబ్బందులు అని విడివిడిగా చెప్పేటప్పుడు: 'ఫైనాన్షియల్ డిఫికల్టీస్', 'టెక్నికల్ డిఫికల్టీస్'.

ప్రశ్న: సెలవు కావాల్సి వచ్చి మా మేనేజర్ గారికి 'ఐ యామ్ వెరీ డిఫికల్ట్ టు కమ్ టుమారో' అని మెసేజ్ పెట్టాను. పక్కసీటు అతను నవ్వాడు. అందులో తప్పేముందో చెప్పలేదు.
— ఒక పాఠకురాలు, రాయగడ

జవాబు: మనిషిని కర్తగా పెట్టి 'డిఫికల్ట్' అంటే 'వేగడం కష్టమైన మనిషి' అనే అర్థం వస్తుంది. 'హి ఈజ్ ఎ డిఫికల్ట్ మ్యాన్' అంటే మొండివాడు, ఎవరితోనూ కుదరనివాడు. రేపు రావడం మీకు కష్టం అని మీ ఉద్దేశం. వాక్యం మాత్రం మీరే కష్టం అంటోంది. ఇలా మార్చుకోండి: 'ఇట్ విల్ బి డిఫికల్ట్ ఫర్ మీ టు కమ్ టుమారో.'

అందులో రెండు చిన్న మాటలు జాగ్రత్తగా చూడండి. మొదటిది 'ఇట్'. తెలుగులో దీనికి సరిజోడు లేదు కాబట్టి మన చేతి నుంచి జారిపోతుంది. రెండోది 'ఫర్ మీ'. 'నాకు' అంటే 'టు మీ' అని బుర్రలో అచ్చయిపోయి ఉంటుంది. అందుకే 'ఇట్ ఈజ్ డిఫికల్ట్ టు మీ టు కమ్' అని రాస్తారు. 'డిఫికల్ట్' వెనక, ఎవరికి కష్టమో ఆ మనిషి 'ఫర్'తో రావాలి.

'ఫైండ్' వాడేటప్పుడు కూడా ఇదే 'ఇట్' మాయమవుతుంది. 'ఐ ఫైండ్ డిఫికల్ట్ టు స్పీక్' తప్పు, 'ఐ ఫైండ్ ఇట్ డిఫికల్ట్ టు స్పీక్' ఒప్పు. ఇంటర్వ్యూలో ఈ వాక్యం తడుముకోకుండా వస్తే మంచి ముద్ర పడుతుంది. పైకి చదువుతూ నోటికి పట్టించుకోండి.

'హార్డ్' బదులు 'హార్డ్‌లీ' అని కొందరు రాస్తున్నారు. 'ఐ వర్క్ హార్డ్' అంటే కష్టపడి పనిచేస్తాను. 'ఐ హార్డ్‌లీ వర్క్' అంటే పనే చెయ్యను అన్నంత. దరఖాస్తులో ఇది పొరపాటున పడిందంటే ఉద్యోగం మీద ఆశ వదులుకోవాల్సిందే.

ప్రశ్న: బ్యాంకు పరీక్షల కోసం చదువుతున్నాను. 'ఫేసింగ్ విత్ ప్రాబ్లమ్స్', 'ఫేస్డ్ విత్ ప్రాబ్లమ్స్', 'ఫేసింగ్ టు ప్రాబ్లమ్స్' వీటిలో ఏది సరైంది? తప్పు గుర్తించే ప్రశ్నల్లో ప్రతిసారీ ఇక్కడే మార్కు పోతోంది.
— జయపురం

జవాబు: మీరిచ్చిన మూడింట్లో ఒప్పు కాగలిగేది 'ఫేస్డ్ విత్' ఒక్కటే. అదీ ముందు 'బి' రూపం (ఈజ్, ఆర్, వాజ్, వర్) ఉన్నప్పుడో, వాక్యం దానితోనే మొదలైనప్పుడో.

'ఫేస్' సకర్మక క్రియ. కర్మను నేరుగా పట్టుకుంటుంది, మధ్యలో ఏ ప్రిపొజిషనూ ఒప్పుకోదు. 'అవర్ హౌస్ ఫేసెస్ ది రివర్' అంటాం. ఇల్లు నదివైపు ముఖం పెట్టి ఉంది అని చెప్పడానికి 'టు', 'విత్' ఏవీ అవసరం లేదు. కష్టానికైనా ఇదే: 'ది ఫార్మర్స్ ఫేస్ మెనీ డిఫికల్టీస్.' మన తలకాయలో 'కష్టాలతో పోరాడుతున్నారు'లోని 'తో' తిరుగుతుంటుంది. 'విత్' చొరబడేది అక్కడినుంచే.

కర్మణి ప్రయోగంలో కథ తిరగబడుతుంది. 'ది ఫార్మర్స్ ఆర్ ఫేస్డ్ విత్ మెనీ డిఫికల్టీస్.' ఇక్కడ మామూలుగా వచ్చేది 'విత్'. 'బై' కూడా అక్కడక్కడా కనిపిస్తుంది గానీ పరీక్షలో 'విత్' మీద నిలబడితే ఇబ్బంది ఉండదు. వాక్యం మొదట్లో పెడితే ఇంకా బిగువుగా ఉంటుంది: 'ఫేస్డ్ విత్ రైజింగ్ వాటర్, ది విలేజర్స్ మూవ్డ్ టు ది స్కూల్ బిల్డింగ్.'

'ఇన్ ది ఫేస్ ఆఫ్' అనేదీ అడుగుతుంటారు. ఎదురుగా అంత కష్టం ఉన్నా పని ఆపలేదు అని చెప్పేచోట: 'ఇన్ ది ఫేస్ ఆఫ్ గ్రేట్ డిఫికల్టీస్, ది టీచర్స్ కెప్ట్ ది స్కూల్ ఓపెన్.' ఇందులో 'ది' వదిలెయ్యకండి. 'ఫేస్ అప్ టు' మళ్ళీ వేరు. తప్పించుకు తిరగకుండా నిజాన్ని ఒప్పుకుని ఎదుర్కోవడం అది: 'హి హ్యాజ్ టు ఫేస్ అప్ టు హిజ్ డెట్స్.' మీరు రాసిన 'ఫేసింగ్ టు' అనేది ఎవరో ఇందులోంచి 'అప్' ఊడగొట్టి చేసిందై ఉండవచ్చు.

పరీక్షలో ముందు 'డిఫికల్టీ'నో 'ఫేస్'నో పట్టుకుని దాని వెనక మాట చూడండి. ఈ మూడూ సాధన చెయ్యండి:

'హి హ్యాజ్ డిఫికల్టీ టు సాల్వ్ దిస్ సమ్.' తప్పు, 'సాల్వింగ్' కావాలి.
'ది కంపెనీ ఈజ్ ఫేసింగ్ విత్ ఎ షార్టేజ్ ఆఫ్ కోల్.' తప్పు, 'విత్' తీసెయ్యాలి.
'షి స్ట్రగల్డ్ టు పే ది ఫీజ్.' తప్పు లేదు.

మూడోదాని దగ్గరే చాలామంది బోల్తా పడతారు. 'డిఫికల్టీ' వెనక 'ఇంగ్' అని నేర్చుకోగానే 'స్ట్రగల్' వెనకా అదే పెడతారు. 'స్ట్రగల్' వెనక క్రియ వస్తే 'టు'తో వస్తుంది, వస్తువో విషయమో వస్తే 'విత్'తో వస్తుంది.

'ట్రబుల్' మాత్రం 'డిఫికల్టీ' దారిలోనే నడుస్తుంది: 'హి హ్యాజ్ ట్రబుల్ బ్రీదింగ్.' ఇక్కడ 'ట్రబుల్స్' అనకూడదు. 'ప్రాబ్లమ్'కి బహువచనం నప్పుతుంది: 'హి హ్యాజ్ ప్రాబ్లమ్స్ బ్రీదింగ్.'

ప్రశ్న: 'హ్యావ్' క్రియకు 'ఇంగ్' రాదని బళ్ళో చెప్పారు. మరి 'ఐ యామ్ హ్యావింగ్ డిఫికల్టీ' అని పెద్దవాళ్ళు కూడా రాస్తారేం?
— ధర్మాబాద్

జవాబు: బళ్ళో చెప్పింది సగమే. 'నా దగ్గర ఉంది' అనే అర్థంలో 'హ్యావ్'కి 'ఇంగ్' రాదు. 'ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్' తప్పు. అనుభవించడం, జరుగుతూ ఉండటం అనే అర్థంలో నిక్షేపంగా వస్తుంది: 'హ్యావింగ్ లంచ్', 'హ్యావింగ్ డిఫికల్టీ'. ఎప్పుడూ ఉండే కష్టమైతే 'హ్యావ్', ప్రస్తుతానికి తగిలిన కష్టమైతే 'యామ్ హ్యావింగ్'. 'ఐ హ్యావ్ డిఫికల్టీ రీడింగ్ స్మాల్ లెటర్స్' అంటే చూపులోనే ఏదో లోపముంది. 'ఐ యామ్ హ్యావింగ్ డిఫికల్టీ ఓపెనింగ్ ది ఫైల్' అంటే ఇప్పుడు ఈ ఫైలు తెరుచుకోవడం లేదు, అంతే.

ప్రశ్న: 'కోప్ అప్ విత్', 'ఓవర్‌కమ్ ఫ్రమ్' సరైనవేనా?
— సిరొంచ

జవాబు: రెండూ తప్పే. 'కోప్ విత్' చాలు, 'అప్' తీసెయ్యండి. 'కీప్ అప్ విత్', 'పుట్ అప్ విత్' విని విని 'కోప్'కి కూడా 'అప్' అంటుకుంది. 'ఓవర్‌కమ్' నేరుగా కర్మను తీసుకుంటుంది: 'షి ఓవర్‌కేమ్ ఎవ్రీ అబ్‌స్టకిల్.' కష్టాల్లోంచి బయటపడటం అనుకుంటాం కాబట్టి 'లోంచి' కోసం 'ఫ్రమ్' తెచ్చిపెడతాం. దాని మూడో రూపం మళ్ళీ 'ఓవర్‌కమ్' అనే. 'షి హ్యాజ్ ఓవర్‌కేమ్' అని రాయకండి.

ప్రశ్న: మా అబ్బాయి తిత్లీ తుపాను మీద వ్యాసంలో 'ది పీపుల్ ఆఫ్ గజపతి డిస్ట్రిక్ట్ ఫేస్డ్ ది మ్యూజిక్' అని రాశాడు. జాతీయం వాడితే మార్కులొస్తాయని ఎవరో చెప్పారట. ఇది ఇక్కడ నప్పుతుందా?
— ఒక తల్లి, పర్లాకిమిడి

జవాబు: నప్పదండీ. తీసెయ్యమని చెప్పండి. 'ఫేస్ ది మ్యూజిక్' అంటే చేసిన తప్పుకు ఫలితం అనుభవించడం. కాపీ కొట్టి దొరికిపోయినవాడు 'ఫేసెస్ ది మ్యూజిక్'. 2018 అక్టోబర్ 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ, గజపతి జిల్లా కొండల్లో ఊళ్ళకి ఊళ్ళనే ముంచెత్తింది. అందులో జనం చేసిన తప్పేముంది? జాతీయం రాకపోతే మానె, బాధపడినవాళ్ళ మీద నింద వేసే వాక్యం వ్యాసంలో ఉండకూడదు.

ఇలాంటి చోట కావలసిన మాట 'హార్డ్‌షిప్'. ఇల్లు, తిండి, డబ్బు పోయి పడే అవస్థను 'హార్డ్‌షిప్' అంటారు. 'డిఫికల్టీ' అంటే పని సాగకపోవడం. 'కష్టాలు పడ్డారు' అన్నది ఎక్కువసార్లు మొదటిదే. బాబుతో ఇలా రాయించండి: 'ఇన్ అక్టోబర్ 2018, సైక్లోన్ తిత్లీ కాజ్డ్ గ్రేట్ హార్డ్‌షిప్ ఇన్ గజపతి డిస్ట్రిక్ట్. ఫ్యామిలీస్ హ్యాడ్ డిఫికల్టీ గెటింగ్ ఫుడ్ అండ్ క్లీన్ వాటర్.' రెండు మాటలూ వాటి వాటి చోట పడ్డాయి. 'వుయ్ గాట్ మెనీ డిఫికల్టీస్' అని కూడా పిల్లలు రాస్తారు. 'కష్టాలు వచ్చాయి'కి అది మక్కికి మక్కి. 'వుయ్ హ్యాడ్' గానీ, దారిలో తగిలాయి అనే అర్థంలో 'వుయ్ ర్యాన్ ఇంటు' గానీ పెట్టించండి.

ప్రశ్న: పట్టాలో మా నాన్నగారి పేరు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉంది. బ్యాంకులో పంట రుణం ఆగిపోయింది. తహసీల్దార్‌గారికి ఇంగ్లిష్‌లో ఇలా రాశాను: 'విత్ డ్యూ రెస్పెక్ట్ ఐ బెగ్ టు స్టేట్ దట్ మై ఫాదర్ ఈజ్ ఫేసింగ్ లాట్ ఆఫ్ డిఫికల్టీస్ టు గెట్ లోన్. పట్టా నేమ్ ఈజ్ రాంగ్. సో వుయ్ ఆర్ వెరీ డిఫికల్ట్. కైండ్లీ డూ ది నీడ్‌ఫుల్.' సరిచేసి పెట్టగలరా?
— కాశీనగర్ దగ్గరి పల్లె నుంచి

జవాబు: ముందు మాట తప్పులు. 'డిఫికల్టీస్ టు గెట్' బదులు 'డిఫికల్టీ గెటింగ్' కావాలి. 'లాట్ ఆఫ్' ముందు 'ఎ' పోయింది, 'లోన్' ముందు కూడా 'ఎ' పోయింది. 'వుయ్ ఆర్ వెరీ డిఫికల్ట్' అంటే ఏమవుతుందో పైన రాయగడ పాఠకురాలికి చెప్పాం. మొత్తం తీసెయ్యండి.

మాట తప్పులకంటే పెద్ద లోపం ఇంకోటుంది. ఏ కాగితంలో ఏముందో, అధికారి ఏం చెయ్యాలో ఎక్కడా లేదు. 'కైండ్లీ డూ ది నీడ్‌ఫుల్' అంటే 'కావలసింది చెయ్యండి' అని. కావలసిందేమిటో మీరు చెప్పకపోతే గుమస్తా ఎలా చేస్తాడు? కష్టాన్ని ఒక్క వాక్యంలో చెప్పి, మిగతా చోటంతా వివరాలకివ్వండి ('రికార్డ్ ఆఫ్ రైట్స్' అంటే మీ పట్టాయే, 'మౌజా' అంటే రెవెన్యూ గ్రామం):

'సర్, మై ఫాదర్స్ నేమ్ ఇన్ ది రికార్డ్ ఆఫ్ రైట్స్ డజ్ నాట్ మ్యాచ్ ది నేమ్ ఆన్ హిజ్ ఆధార్ కార్డ్. బికాజ్ ఆఫ్ దిస్, హి ఈజ్ హ్యావింగ్ డిఫికల్టీ గెటింగ్ ఎ క్రాప్ లోన్. ఐ రిక్వెస్ట్ యు టు కరెక్ట్ ది నేమ్ ఇన్ ది రికార్డ్. ది మౌజా, ఖాతా నంబర్ అండ్ ప్లాట్ నంబర్ ఆర్ గివెన్ బిలో. కాపీస్ ఆఫ్ బోత్ డాక్యుమెంట్స్ ఆర్ అటాచ్డ్.'

'ఈజ్ హ్యావింగ్' ఎందుకంటే ఇది ఇప్పటి ఇబ్బంది, పేరు సరికాగానే తీరేది. 'డిఫికల్టీ' ఏకవచనంలో ఉంది, వెనక 'గెటింగ్' ఉంది. 'బెగ్' అక్కర్లేదు. అడుక్కోవడం లేదు, హక్కుగా ఉన్న సవరణ కోరుతున్నారు. 'రిక్వెస్ట్'తో మర్యాదకేమీ లోటు రాదు.

పేర్లు ఇలా మారిపోవడానికి లిపి కూడా ఒక కారణం. తెలుగులో ఎ–ఏ, ఒ–ఓ తేడా ఉంది, ఒడియా లిపిలో లేదు. మన పేరు ఒడియాలోకి వెళ్ళి అక్కడినుంచి ఇంగ్లిష్ అక్షరాల్లోకి వచ్చేసరికి స్పెల్లింగ్ ఇంకోలా తేలుతుంది. అందుకని దరఖాస్తులో ఆధార్ మీదున్న స్పెల్లింగ్‌ను అక్షరం తేడా లేకుండా పెద్దబడి (క్యాపిటల్) అక్షరాల్లో రాయండి. దాని కింద అదే పేరు ఒడియా లిపిలో ఎలా ఉండాలో తెలిసినవాళ్ళ చేత రాయించి పెట్టండి. మహారాష్ట్ర వైపు పాఠకులు ఇదే దరఖాస్తు వాడుకోవచ్చు. రికార్డ్ ఆఫ్ రైట్స్ బదులు సాత్‌బారా అనీ, ఖాతా, ప్లాట్ నంబర్ల చోట గట్ నంబరో సర్వే నంబరో మీ కాగితం మీద ఏదుంటే అదీ రాసి, పేరు దేవనాగరిలో ఇవ్వండి. సంతకం కింద తేదీ, ఫోన్ నంబర్ వేసి, రెండో ప్రతి మీద ఆఫీసు ముద్ర వేయించుకుని మీ దగ్గర ఉంచుకోండి.